కొండగోగు పువ్వున్న జాకెట్టు ఎవురు వేసుకుంటారన్నా?

తిరుపతిలో ఏ పెళ్ళికైనా వెళ్ళండి. ముహూర్తానికి ఇంకా టైముంటుంది కాబట్టి వచ్చే పోయే ఆడవాళ్ళ జాకెట్టు చేతుల మీద ఏం కుట్టారో లెక్కపెట్టండి (వీపుల జోలికి పోవద్దు, తన్నులు తింటారు). పద్మం. నెమలి. మామిడి పిందె. మళ్ళీ పద్మం. అంబారీ ఉన్న ఏనుగు. ఏ మొక్కకీ చెందని, ఎనిమిది రేకులున్న గుండ్రటి ‘పువ్వు’ ఒకటి. మళ్ళీ నెమలి. పది జాకెట్లయ్యేసరికి లెక్క ఆపేస్తారు, పదకొండోదాంట్లో కొత్తదేం ఉండదని తెలిసిపోతుంది కాబట్టి. అదే కల్యాణమండపం బయటికొచ్చి ఉత్తరం వైపు తలెత్తితే శేషాచలం కొండ. శివరాత్రి దగ్గర్నుంచి ఉగాది దాటి ఇంకో నెల దాకా ఆ కొండ మీద ఎన్ని రకాల పూలు పూస్తాయో! వాటిల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ జాకెట్ల మీదికి దిగదు.

నా వాదన ఇదీ. మన మగ్గం వర్కుకి ఇప్పుడు కావాల్సింది కొత్త రకం పూసలూ, కొత్త రకం జర్దోసీ కాదు. కొత్త బొమ్మ. ఆ బొమ్మ ఏ ముంబై కేటలాగులోనో, ఫోనులో వేలితో తోస్తే వచ్చే ఫొటోల్లోనో దొరకదు. కొండ ఎక్కే దారి పక్కన ఉంది. వసంతంలో మన అడవి పూలని చూసి కుడితే కుట్టేవాళ్ళకి పని నిలబడుతుంది, చూసేవాళ్ళకి పూల పేర్లు నిలబడతాయి. రెండూ చేతుల్లోంచి జారిపోతున్నాయి కాబట్టే ఇంత గోల.

సాఫ్ట్‌వేరోడికి సూదితో ఏం పని అంటారేమో. మా చిన్నాన్న కూతురు తిరుపతిలో ఇంట్లోనే మగ్గం పెట్టుకొని కుడుతుంది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆ చట్రం పక్కన కూర్చొని కబుర్లు చెప్పడం నాకలవాటు. నా పరిజ్ఞానమంతా అక్కడిదే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. మగ్గం వర్కుకీ చీరలు నేసే మగ్గానికీ సంబంధం లేదు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డని డప్పులాగా బిగించి, దాని ముందు నేలమీద కూర్చొని, కొనకి చిన్న కొక్కెం ఉన్న ఆరీ సూదిని పైనుంచి పొడిచి, కింద ఉన్న దారాన్ని పైకి లాగుతూ గొలుసుగా కుట్టుకుంటూ పోవడమే. చట్రం మగ్గంలా కనబడుతుంది, అంతే. బొమ్మ దింపే పద్ధతి అయితే నాకు భలే ఇష్టం. ట్రేసింగ్ పేపరు మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడిని గుడ్డపేలికతో రుద్దుతారు. చిల్లుల్లోంచి చుక్కలు దిగి బొమ్మ పడుతుంది. ముదురు రంగు గుడ్డకి తెల్లపొడి, లేత రంగుకి నీలిమందు.

ఆ చిల్లుల కాగితమే ఈ కథలో విలన్. ఒకసారి పొడిస్తే వందసార్లు వాడుకోవచ్చు. మా భాషలో చెప్పాలంటే లైబ్రరీ ఫంక్షన్. పనిచేస్తున్న కోడుని ఎవడు ముట్టుకుంటాడు? కొత్త బొమ్మ గీయాలంటే సగం రోజు గీతకి, సగం రోజు చిల్లులకి. ఆ రోజుకి ఎవరూ డబ్బులివ్వరు. కాబట్టి పదేళ్ళ కిందటి పద్మమే ఈ రోజుకీ పద్మం.

అసలు మనకి కుట్టు నేర్పిన తీరులోనే ఒక తమాషా ఉంది. బళ్ళో ఆడపిల్లలకి కాడకుట్టు, గొలుసుకుట్టు అయ్యాక నేర్పేది లేజీ డైజీ. డైజీ అంటే ఇంగ్లండు గడ్డినేలల్లో పూసే చిన్న తెల్లపువ్వు. పీలేరులోనో పలమనేరులోనో లేజీ డైజీ కుట్టిన ఏ ఆడపిల్లా ఆ పువ్వుని కళ్ళతో చూసి ఉండదు. అయినా తరాల తరబడి మన దిండు గలీబుల మీదా, రేడియో మీద కప్పిన గుడ్డల మీదా, టీవీ కవర్ల మీదా ఆ పువ్వే పూసింది. (దాని చుట్టం గడ్డిచేమంతి మన రోడ్డు పక్కనంతా ఉంది, దెబ్బ తగిలితే ఆకు పసరు పిండుకుంటాం కదా, అది. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కే, కాకపోతే ఎప్పుడో ఇంటిపేరు మార్చుకుంది.)

వాళ్ళ పువ్వు కుట్టడం తప్పని నేననడం లేదు. వాళ్ళ పువ్వుతో పాటు వాళ్ళ వసంతం కూడా వచ్చి కూర్చుంది, దాంతోనే చిక్కు. ఇంగ్లండు అడవిలో చలికాలం పోయాక, పెద్ద చెట్లు చిగురించి నీడ పడకముందే, నేల మీద చిన్న మొక్కలు గబగబా పూసేస్తాయి. ప్రిమ్‌రోజ్ ముందు, ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో బ్లూబెల్. పూలు కాళ్ళ దగ్గర ఉంటాయి, చుట్టూ లేత ఆకుపచ్చ. వాళ్ళ ఎంబ్రాయిడరీలో కూడా అంతే, పువ్వు చిన్నది, ఆకు ఎక్కువ. మనది తలకిందులు. శేషాచలం చాలావరకు ఆకురాల్చే ఎండు అడవి. తలకోన లాంటి తడి లోయల సంగతి వేరు. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఆకులు రాలిపోయి, గడ్డి ఎండి, బండలు బయటపడతాయి. అప్పుడు పైన, ఆకు లేని కొమ్మకి, పువ్వు. ఆకు అడ్డం లేదు కాబట్టి పిట్టలకీ తేనెటీగలకీ అంత దూరం నుంచే కనబడుతుంది.

అంటే మన కొండ వసంతంలో ఆకుపచ్చ లేదు!

ఈ ఒక్క సంగతి సూదిలోకి ఎక్కితే చాలు, సగం పని అయిపోయినట్టే. ఇప్పుడు మగ్గం వర్కులో ఏ పువ్వు కుట్టినా అలవాటుగా రెండు పచ్చటి ఆకులు, ఒక తీగ మెలిక వేసేస్తారు. ఆ రెండాకులూ తీసేసి, బూడిదరంగు దారంతోనో మెరుపు తగ్గిన యాంటిక్ జర్దోసీతోనో ఒక ఎండుకొమ్మ కుట్టి, దాని కొనన పువ్వు పెట్టి చూడండి. మన పువ్వయిపోతుంది.

ముందు కొండగోగు చెబుతాను, నాకు దాని మీద పక్షపాతం ఉంది. మట్టి సరిగా లేని బండల మధ్య వంకరటింకరగా నిలబడే చెట్టు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క ఆకు లేకుండా, కొమ్మ చివర గుత్తిగా పూస్తుంది. అరచేయంత పువ్వు. ఐదు రేకులు. పసుపంటే మామూలు పసుపు కాదు, ఎండలో కళ్ళు చికిలించాల్సిన పసుపు. మధ్యలో గుబురుగా కేసరాలు. ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి అందరూ చూసే ఉంటారు, చూసి ‘అదేదో పసుపు పువ్వు’ అనుకొని ఉంటారు. కుట్టడానికి దీనంత సులువైన పువ్వు లేదు. రేకుకి సిల్కు దారంతో లాంగ్ అండ్ షార్ట్, రెండు పసుపులు చాలు, మొదట్లో ముదురు, అంచుకి లేత. మధ్యలో జరీతో ముడులు. రేకు అంచున చిన్న నొక్కు ఉంటుంది, అది మర్చిపోతే మాత్రం మందారమో మరొకటో అయిపోతుంది. ఇది బార్డరు పువ్వు కాదు. వరసగా ఇరవై కుడితే బంతిపూల తోరణంలా ఉంటుంది. భుజం మీద ఒక్క కొమ్మ, మూడు పూలు, రెండు గుండ్రటి మొగ్గలు, చాలు. రాతిరంగు గుడ్డ మీద ఇంకా బాగుంటుంది.

మోదుగ సంగతి అందరికీ కాస్త తెలుసు, ఎందుకంటే దాని ఆకులతో కుట్టిన విస్తర్లలో అన్నం తిన్నవాళ్ళం. పువ్వు నిప్పురంగు. మొగ్గనీ తొడిమనీ ఎప్పుడైనా చేతిలోకి తీసుకొని చూశారా? పువ్వుని పట్టుకొని ఉండే గిన్నె ముదురు గోధుమ, దాదాపు నలుపు, మఖమల్ గుడ్డలా నూగుతో ఉంటుంది. మగ్గం వర్కులో నలుపు వాడటానికి భయపడతారు, శుభకార్యం కదా అని. కానీ ఆ నలుపు లేకపోతే ఆ నారింజ వెలగదు. దగ్గరదగ్గరగా ముడులు వేస్తే ఆ మఖమల్ అచ్చంగా వస్తుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు. శుకమా ఏమిటి, అంటే ‘ఇది చిలకేనా’ అని అడుగుతున్నట్టు. పువ్వు వంపు చిలకముక్కులా ఉంటుంది మరి. చిలకో నెమలో లేకుండా జాకెట్టు ఒప్పుకోని కస్టమర్లకి ఇంతకన్నా మంచి బేరం ఏముంది, పువ్వులోనే చిలక ఫ్రీ :)

ఇక ఎర్రచందనం. చిత్తూరు వాడిని అనగానే బయటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న తిరుమల గురించి, రెండోది ఎర్రచందనం స్మగ్లింగ్ గురించి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. అంతర్జాతీయ వ్యాపారంలో అదుపు చేయాల్సిన జాతుల పట్టికలో 1995లోనే ఎక్కింది. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. టన్ను ఎంత, లారీ ఎక్కడ పట్టుకున్నారు, అన్నీ మనకి నోటికొచ్చు. దాని పువ్వు ఏ రంగు అని అడగండి. చాలామంది ఎరుపంటారు! పసుపు. చిన్నది, చిక్కుడుపువ్వు వాలకం, రేకుల అంచులు చేత్తో నలిపినట్టుంటాయి. మన ఊరికి ప్రపంచంలో పేరు తెచ్చిన చెట్టు పువ్వు మనకి తెలియదంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

దానికంటే నాకు దాని కాయ నచ్చింది. గుండ్రటి కాయ, మధ్యలో ఉబ్బెత్తుగా గింజ, చుట్టూ కాగితంలాంటి పల్చటి రెక్క, గాలికి ఎగిరిపోవడానికి. అచ్చంగా బుటా! ఎవరూ డిజైన్ చేయక్కర్లేదు, చెట్టే చేసి పెట్టింది. మధ్యలో కాస్త దూది పెట్టి జర్దోసీతో ఉబ్బెత్తు, చుట్టూ ఒంటి పోగు సిల్కుతో కేంద్రం నుంచి అంచుకి సన్నటి గీతలు. ఇప్పుడు జాకెట్టు మీద చల్లే గుండ్రటి బుటాల స్థానంలో ఇది చల్లితే పని పెరగదు, ఖర్చు పెరగదు. అడిగితే చెప్పడానికి ఒక కథ మాత్రం ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బూరుగ: మందపాటి ఎర్ర రేకులు, పట్టు మీద కుడితే బరువుగా కనబడుతుంది, ముతక నూలు మీద బాగుంటుంది. ఊడుగ: సన్నటి తెల్ల రేకులు వెనక్కి మడుచుకొని ఉంటాయి, చిన్న చేతికి సరిపోతుంది. రేల కొంచెం ఆలస్యం, ఏప్రిల్ మేలలో. పసుపు గుత్తులు కిందికి వేలాడతాయి. జాకెట్టు వీపున తాడు చివర లట్కన్లు కడతారు కదా, ఆ గుండ్రటి ముద్దల బదులు రేల గుత్తులు కట్టొచ్చు. మొగ్గలు కిందికి పోనుపోను చిన్నవవుతాయి, పూసల సైజులు తగ్గించుకుంటూ పోతే సరి.

మామిడి గురించి చెప్పకపోతే చిత్తూరులో బతకనివ్వరు. ప్రతి చీర అంచునా, ప్రతి జాకెట్టు చేతినా మామిడి పిందె ఉంది. చుట్టూ కనుచూపు మేర తోతాపురి తోటలు. జనవరిలో, ఫిబ్రవరిలో ఆ తోటల్లోకి వెళ్తే చెట్టు చెట్టంతా పూత, తేనెరంగు ధూళి పట్టినట్టు. పిందెని వేలసార్లు కుట్టినవాళ్ళం పూతని ఒక్కసారి కుట్టలేదు. పూత లేకుండా పిందె ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి!

ఇదంతా మా చెల్లెలికి చెబితే సూది ఆపకుండా విన్నది. విని, అన్నది: “ఏందన్నా, నువ్వు చెప్పేది బాగానే ఉండాది. కొండగోగు పువ్వున్న జాకెట్టు ఎవురు వేసుకుంటారన్నా? పెండ్లికూతురు ఫోన్లో బొమ్మ చూపించి ఇదే కావల్ల అంటాది. నేను కాదంటే పక్క వీధికి పోతాది.” కాసేపాగి ఇంకో మాటన్నది, అది నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది: “పద్మం తప్పుగా కుడితే ఎవురికీ తెలీదన్నా. కొత్త పువ్వు తప్పుగా కుడితే అది పువ్వే కాదంటారు.”

రెండూ నిజాలే. కాకపోతే ఆ పక్క వీధిలో ఇప్పుడేముందో కూడా చూడాలి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను ఉంది. దాని ఫైలు ఎలా ఉంటుందో కుతూహలం కొద్దీ విప్పి చూశాను (వృత్తి రోగం). డీఎస్‌టీ అనే ఫైలులో ఉండేది బొమ్మ కాదు, సూది ప్రయాణం. ఇక్కణ్ణుంచి అక్కడికి మిల్లీమీటరులో పదో వంతు కొలతలో ఎటు జరగాలి, ఎక్కడ దారం తెంపాలి. ఒక్క గెంతు 12.1 మిల్లీమీటర్లు మించకూడదు. రంగు ఏమిటో కూడా అందులో ఉండదు, ‘ఇక్కడ రంగు మార్చు’ అని మాత్రమే ఉంటుంది. ఇలాంటి పద్మాల ఫైళ్ళు వందల కొద్దీ పెన్‌డ్రైవులో వేసి అమ్ముతారు, వాట్సాపులో ఉత్తపుణ్యానికి తిరుగుతాయి. ఒకే పద్మం కోసం చెయ్యీ మిషనూ పోటీ పడితే ధరలో చెయ్యి ఓడిపోవడం ఖాయం, ఇందులో వాదించడానికేం లేదు. చేత్తో కుట్టేవాళ్ళు మిషను దగ్గర ఫైలున్న బొమ్మనే ఎంచుకొని దానితో పందెం కాయడం నాకర్థం కాని వ్యూహం.

మరి కొండగోగుకి రేపు ఫైలు చేయరా? చేస్తారు. కానీ కొమ్మని చూసి గీసేవాళ్ళకి వచ్చే ఫాల్గుణానికి ఇంకో కొమ్మ ఉంటుంది. ఫైలు కొనుక్కునేవాళ్ళకి అదే కొమ్మ ఉంటుంది. ఒక సీజను ముందుండటమే వ్యాపారం, మా ఫీల్డులోనూ అంతే.

మిషను పెట్టుకున్న ఒకాయన దగ్గరికి నేనే ఒక కొండగోగు ఫొటో పట్టుకెళ్ళాను. ఆయన మంచివాడు, ఓపిగ్గా పంచింగ్ చేసి ఫైలు తయారుచేశాడు. సేవ్ చేసేటప్పుడు పేరేం పెట్టమంటారు సార్ అన్నాడు. కొండగోగు అన్నాను. తలూపి ‘యెల్లో ఫ్లవర్ 5’ అని పెట్టుకున్నాడు. పేర్లు పోవడం ఇలాగే మొదలవుతుంది, ఎవరి తప్పూ లేకుండా. ఫోనులో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఉంది, ఫొటో పెడితే లాటిన్ పేరు చెబుతుంది. కొండగోగు, ఊడుగ అని చెప్పేది మాత్రం కట్టెలకి అడవికెళ్ళిన ముసలమ్మలూ, బంకకీ తేనెకీ తిరిగిన యానాదులూ. జాకెట్టు మీద కుట్టిన పువ్వుకి పేరుండి తీరాలి, ఎందుకంటే పక్కావిడ అడుగుతుంది. పెళ్ళిలో ఇద్దరాడవాళ్ళ మధ్య ఒక పువ్వు పేరు నాలుగు సార్లు నలిగితే, అది వందమంది లైకు కొట్టిన ఫొటో కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

సంప్రదాయం మాటేమిటి, పద్మం, నెమలి మన సంస్కృతి కదా అనేవాళ్ళుంటారు. పద్మం మీద నాకు కోపం లేదు. పక్కనే తిరుచానూరులో పద్మావతి అమ్మవారు ఉండగా ఇక్కడ పద్మం కుట్టకపోతే ఇంకెక్కడ కుడతాం. కానీ సంప్రదాయం అంటే పాత బొమ్మల డబ్బా అనుకుంటే పొరపాటు. మనకి ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరంలో శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీ కూడా 1950ల నాటికి ఆరిపోయే దీపమే. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో, 1957లో పెట్టిన శిక్షణ కేంద్రంతో మళ్ళీ నిలబడింది. 2008లో అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. ఆ కలంకారీలో కల్పవృక్షం చూడండి, ఒకే చెట్టుకి పది రకాల పూలు. ఆ చెట్టు ఈ నేల మీద ఎక్కడా లేదు. 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరం నుంచి అలాంటి చెట్టున్న దుప్పట్లు ఇంగ్లండుకి ఓడల్లో వెళ్ళాయి. కంపెనీ వాళ్ళు అక్కడి నుంచి నమూనాలు పంపి ఇలా వేయండని అడిగేవాళ్ళు. అక్కడి ఆడవాళ్ళు ఉన్ని దారంతో అదే చెట్టుని కుట్టుకున్నారు. ఏ కొమ్మ ఎవరిదో ఇప్పుడు విడదీయలేం. ‘మన సంప్రదాయం’ అనే గుడ్డ మీద ఇన్ని ఊళ్ళ సిరా ఉంది. అందులోకి పక్కనున్న కొండ పువ్వు వస్తే మైలపడేదేం లేదు. అయినా కాళహస్తి కథే అడవి పూల కథ కదా. తిన్నడు అడవిలో కోసిన పూలు తలలో దోపుకొని వచ్చి శివుడికి పెట్టాడంటారు. ఆయన కోసుకొచ్చినవి కేటలాగు పూలు కావు.

పేరున్నవాళ్ళెవరైనా ఇలా చేశారా అంటే, విలియం మోరిస్ ఉన్నాడు. వాళ్ళ ఊరి పొలం గట్ల మొక్కల్నీ ఏటి ఒడ్డు చెట్లనీ డిజైన్లు చేశాడు. 1887 నాటి విల్లో బౌ డిజైను ఏటి పక్కన పెరిగే విల్లో కొమ్మే. వాళ్ళ కంపెనీ ఎంబ్రాయిడరీ విభాగాన్ని 1885 నుంచి నడిపింది ఆయన కూతురు మే మోరిస్, అప్పటికి ఆమెకి 23 ఏళ్ళు. 1893లో కుట్టు మీద పుస్తకమూ రాసింది. మన దగ్గర ఎంతమంది ఇరవై మూడేళ్ళ అమ్మాయిలు మగ్గం ముందు కూర్చొని లేరు! వాళ్ళకి లేనిది చెయ్యి కాదు, కూర్చోబెట్టి పువ్వు చూపించేవాళ్ళు.

అదేమంత పెద్ద పని కాదు కూడా. తిరుపతిలోనే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, వృక్షశాస్త్ర విభాగం ఉంది. చిత్తూరు జిల్లా పూల మొక్కల మీద లావుపాటి పుస్తకం 2008లో ఈ ఊళ్ళోనే అచ్చయింది. 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. టీటీడీ శిల్పకళాశాలలో కలంకారీ నేర్పుతారు. వీళ్ళనీ పాతిక మంది మగ్గం వర్కు అమ్మాయిల్నీ ఫాల్గుణంలో రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, బోర్డు మీద కాకుండా బల్ల మీద రాలిన పూలు పెట్టి, ఒక ఇరవై చిల్లుల కాగితాలు తయారు చేయించి, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేస్తే సరి. ఓపెన్ సోర్స్! కొత్త బొమ్మకి పోయే ఆ ఒక్క రోజు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, మిగతాది అమ్మాయిలే చూసుకుంటారు.

చూడాలనుకునేవాళ్ళకి దారి కష్టం కాదు. కొండలో చాలా భాగం 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ వనం, 2010 నుంచి శేషాచలం జీవావరణ రిజర్వు. ఇష్టమొచ్చినట్టు అడవిలోకి దూరడానికి లేదు, కొమ్మలు విరవడానికి అసలే లేదు, ఎర్రచందనం ఉన్నచోట సంచీతో కనబడితే మీ ఎంబ్రాయిడరీ కబుర్లు ఎవరూ వినరు. అక్కర్లేదు కూడా. శ్రీవారి మెట్టు దారి, ఘాట్ రోడ్డు, తలకోన రోడ్డు చాలు. చిరుతల భయం ఉంది కాబట్టి పగలే నడవండి. ఏడాదికోసారి ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి, ఆ రోజు పాపవినాశనం వైపు నుంచి అడవిలోకి జనాన్ని వదులుతారు. పూలు చూడటానికి దానికి మించిన తిథి లేదు. జనం తలలు దించుకొని రాళ్ళు చూసుకుంటూ నడుస్తారు, మీరు మాత్రం మధ్యమధ్యలో ఆగి పైకి చూడండి.

అన్నట్టు తిరుమల మీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు, కొండ మీది పూలన్నీ స్వామివే అని. జాకెట్టు మీద కుట్టిన పువ్వుకి ఈ నియమం వర్తించదనే అనుకుంటున్నాను.

మా చెల్లెలు కొండగోగుకి ఇంకా ఒప్పుకోలేదు. వేపపూతకి మాత్రం ఒప్పుకుంది. ఉగాది జాకెట్టుకి చేతి అంచు చుట్టూ చిన్న చిన్న తెల్లపూలు, ఐదేసి రేకులు, ఒక్కో రేకూ ఒక్కో లేజీ డైజీ కుట్టు, మధ్యలో లేత పసుపు ముడి. ఆకులు వేయొద్దన్నాను. “వేపకి ఆకు లేకుంటే ఎట్లన్నా, అది కొండగోగు కాదు గదా” అన్నది. నిజమే, వేపకి ఆ టైముకి లేత చిగురు ఉంటుంది. ఆ ఎరుపు కలిసిన ఆకుపచ్చ కోసం మూడు దుకాణాలు తిరిగి లడీ దొరికించుకుంది. పండగ ఆర్డర్లు శివరాత్రికే మొదలవుతాయట, ఆ లోపల చిల్లుల కాగితం అవ్వాలి.